మాట వినని వారిని దిద్దుట ఎట్లు?



నిన్నటి ఉపన్యాసము ముగిసి హారతి అయిన పిదప ఒక భక్తుడు మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. ఆయన ఒక కార్యాలయములో పై అధికారి. చేతిక్రింద నలుబదిమంది పనిచేయుచున్నారట. "శాస్త్రిగారూ! అందరితోను చిక్కు లేదు. ఇద్దరు మాత్రము మాట వినరు. ఒకడు ఏ పని చెప్పినను 'నేను చేయను' అని మొగము మీదనే అనును. రెండవవాడు 'అట్లేనండీ' అని తల ఊపును, ఫైలు మాత్రము బల్లమీదనుండి కదలదు. మెమోలు ఇచ్చితిని. పదిమంది ఎదుట కేకలు వేసితిని. ఫలము లేదు. సాయంకాలము జపమునకు కూర్చున్నను వారి మొగములే కన్నులయెదుట ఆడుచున్నవి. ఏమి చేయవలెను?" అని అడిగినాడు.

"నాయనా, ఈ కష్టము నీ ఒక్కనిది కాదు. రేపు సభలోనే విచారించుకొందము" అని చెప్పి పంపినాము. అందుచేత నేడు ఈ విషయమునే ఎత్తుకొన్నాము.

వేదము వల్లించుకొన్న వృద్ధునకు కార్యాలయముల సంగతి ఏమి తెలియునని మీలో కొందరికి తోచవచ్చును. మేమును ఏండ్ల తరబడి ఒక పాఠశాల బాధ్యత మోసినవారమే. అధ్యాపకులు, వంటవారు, విద్యార్థులు, వీరందరితో మెలగినవారమే. అందు మేము చేసిన తప్పును కూడ ఈ సభలో దాచము. కాని మొదట పెద్దలు చూపిన త్రోవను చూతము.

ఆ భక్తుడు చెప్పిన ఇద్దరును మనకు క్రొత్తవారు కారు. "చేయను" అన్నవాడు మహాభారతములో ఉన్నాడు. "చేసెదను" అని చేయక కూర్చున్నవాడు రామాయణములో ఉన్నాడు. మొదటివాడు అర్జునుడు, రెండవవాడు సుగ్రీవుడు. ఇద్దరును సామాన్యులు కారు. ఇది మొదట గుర్తింపవలసిన మాట. మాట వినని ప్రతివాడును పనికిరానివాడు కాడు. ఒక్కొక్కప్పుడు అందరికన్న సమర్థుడే మొండికెత్తి కూర్చుండును.

కురుక్షేత్రమును తలచుకొనుడు. శంఖములు మ్రోగినవి. సరిగా పని మొదలు కావలసిన వేళకు అర్జునుని చేతినుండి గాండీవము జారినది. ఒడలు వణకినది. తాను ఎందుకు యుద్ధము చేయరాదో వరుసగా కారణములు చెప్పినాడు. గీతలోని మొదటి అధ్యాయమును చూడుడు. ఆ కారణములు చెప్పుచున్నంతసేపు భగవానుడు ఒక్కమారైనను అడ్డు రాలేదు. సర్వజ్ఞుడు కదా, అతడు ఏమి చెప్పబోవునో ఆయనకు తెలియదా? తెలిసియు చెప్పనిచ్చినాడు. చెప్పుకొన్నవానికే బరువు తగ్గును గాని, విన్నవానికి తెలిసినంత మాత్రమున తగ్గదు.

రెండవ అధ్యాయము ఆరంభములో భగవానుడు కొంచెము గట్టిగానే మందలించినాడు. ఎంత? రెండే శ్లోకములు. ఆ మందలింపు పనిచేయలేదు. భీష్మద్రోణులను బాణములతో ఎట్లు కొట్టుదునని అర్జునుడు మరల తన బాధనే చెప్పుకొన్నాడు. ఇంకను యుద్ధము చేయనని చెప్పి మౌనము వహించినాడు. అప్పుడు పరమాత్మ ఏమి చేసినాడు? గొంతు పెంచలేదు. భీమసేనుని, ధర్మరాజును పిలిచి వారి ఎదుట సిగ్గుపరచలేదు. చిరునవ్వు మొగముతో మార్గమునే మార్చినాడు. తిట్టు పనిచేయనప్పుడు పెద్ద తిట్టు తిట్టుట మన స్వభావము. తిట్టు పనిచేయనప్పుడు బోధకు దిగుట భగవంతుని స్వభావము.

ఆ బోధ జరిగినంతసేపు అర్జునుడు ఊరకుండలేదు. మూడవ అధ్యాయములో నీ మాటలు నన్ను కలవరపెట్టుచున్నవి అన్నాడు. అయిదవ అధ్యాయములో రెండింటిలో ఏది మంచిదో ఒక్కటి చెప్పుమన్నాడు. ఆరవ అధ్యాయములో మనస్సును నిలుపుట గాలిని పట్టుటవలె కష్టమన్నాడు. భగవానుడు ఆ కష్టమును కొట్టివేయలేదు. నిజమే, కష్టమే, సందేహము లేదని ముందు ఒప్పుకొన్నాడు. తరువాతనే అభ్యాసమును, వైరాగ్యమును ఉపాయములుగా చెప్పినాడు. క్రిందివాడు "ఈ పని కష్టము" అన్నప్పుడు "ఏమి కష్టము? అందరును చేయుట లేదా?" అనుట మన అలవాటు. ఆ ఒక్క మాటతో అతని చెవి మూసికొనిపోవును. కష్టమును ఒప్పుకొన్నవాని ఉపాయమునే మనుష్యుడు వినును.

ఇక 18వ అధ్యాయము. అంతయు చెప్పి, దీనిని పూర్తిగా ఆలోచించుకొని నీకు ఎట్లు తోచిన అట్లు చేయుమన్నాడు. జగత్తును నడిపించువాడు నిర్ణయమును అర్జునుని చేతిలో పెట్టినాడు! తరువాత శ్రద్ధగా వింటివా, నీ మోహము పోయినదా అని అడిగినాడు కూడ. చెప్పి విడిచిపెట్టలేదు, అందినదో లేదో విచారించినాడు. అప్పుడు గాని అర్జునుడు నీవు చెప్పినట్లు చేసెదనని అనలేదు. బలవంతమున చేయించిన పని మన కన్ను మరలగానే ఆగిపోవును. తానై ఒప్పుకొని చేసిన పనియే చివరిదాక నడచును.

ఇంక రెండవవాని సంగతి. సుగ్రీవుడు "చేయను" అనలేదు. వర్షాకాలము గడచిన వెంటనే సీతాదేవిని వెదకించెదనని ఒప్పుకొన్నాడు. వానలు వెలిసినవి, శరత్తు వచ్చినది. సుగ్రీవుడు అంతఃపురము విడిచి రాలేదు. ప్రస్రవణగిరిమీద శ్రీరామచంద్రుడు దినములు లెక్కించుకొనుచున్నాడు. ఆ బాధ ఎటువంటిదో ఊహింపుడు!

ఇచ్చట మొదట కదలినవాడు హనుమంతుడు. పైనుండి కోపము రాకముందే తాను సుగ్రీవుని చూచి, రాజ్యము దక్కినది, మిత్రుని పని మాత్రము మిగిలినది, వారు అడుగకముందే చేయుట మేలని హితము చెప్పినాడు. సుగ్రీవుడు సేనలను రప్పించుటకు నీలునికి ఆజ్ఞ ఇచ్చి మరల భోగములలో మునిగినాడు. మన ఫైలుపై సంతకము చేసి మరచిపోవువారు ఈతని వంశమువారే!

రామునకు కోపము వచ్చినది. వాలి పోయిన దారి ఇంకను మూసికొనిపోలేదని తెలుపుమని లక్ష్మణునితో అన్నాడు. అది గట్టి హెచ్చరికయే. అన్నగారి దుఃఖము చూచి లక్ష్మణుడు సుగ్రీవుని చంపుటకే లేచినాడు. అప్పుడు శ్రీరాముడు ఆపినాడు. రూక్షమైన మాటలు విడిచి సామముతో మాటాడి, కాలము మించినదని గుర్తుచేయుమన్నాడు. మహాజనులారా, ఈ ఘట్టమును హృదయములో నిలుపుకొనుడు. రాముడు విషయమును దాచుమనలేదు. తప్పును తప్పనియే చెప్పుమన్నాడు. కరకుదనమును మాత్రము తీసివేయుమన్నాడు.

లక్ష్మణుడు ఆ మాటను పూర్తిగా పాటింపలేకపోయినాడు. కిష్కింధకు వెళ్ళి పరుషముగానే మాటాడినాడు. అప్పుడు తారాదేవి సుగ్రీవుని లోపలి సంగతి విప్పి చెప్పినది. ఇతడు కృతఘ్నుడు కాడు, బహుకాలము కష్టములు పడి హఠాత్తుగా సుఖము చవిచూచి కాలమును మరచినాడు, విశ్వామిత్రునంతటివాడే ఒకప్పుడు కాలమును మరచినాడు కదా అన్నది. తప్పును కాదనలేదు, కారణమును చూపినది. లక్ష్మణుని కోపము దిగినది. సుగ్రీవుడు మెడలోని మాలను త్రెంచివేసి తన అపరాధమును ఒప్పుకొన్నాడు. అటుపిమ్మట లక్ష్మణుడు ఏమి చేసెను? తాను పలికిన పరుషవాక్యములకు క్షమింపుమని సుగ్రీవుని వేడినాడు! తప్పు చేసినవాడు సుగ్రీవుడు. క్షమాపణ మాత్రము ఇద్దరును చెప్పుకొన్నారు. అందుచేతనే ఆ స్నేహము నిలిచినది.

తరువాత జరిగినది కూడ చూడవలెను. రాముడు పాదములమీద పడిన సుగ్రీవుని లేవనెత్తి కౌగిలించుకొన్నాడు. సుగ్రీవుడు నాలుగు దిక్కులకు నలుగురు నాయకులతో వానరులను పంపి, ఒక్కొక్క దిక్కున ఏయే ప్రదేశములు వెదకవలెనో వివరించి, మాసము గడువు పెట్టినాడు. నిన్నటి సోమరియే నేడు ఇంత చక్కగా పని నడపినాడు. పని ఏది, ఎవరిది, ఎన్నాళ్ళలో అన్నది స్పష్టముగా చెప్పుట కూడ దిద్దుబాటులోని భాగమే.

రూక్షమన్న మాట వచ్చినది గనుక వేదములోని మాట ఒకటి మనవి చేసెదము. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, అధ్యయనము ముగించిన శిష్యునకు ఆచార్యుడు అనుశాసనము చేయును. నడవడి విషయమున సందేహము కలిగినప్పుడు ఎవరిని చూచి నేర్చుకొనవలెనో అందు చెప్పబడినది. బాగుగా విచారింపగలవారు, ధర్మమును కోరువారు, అలూక్షులు. అలూక్షులు అనగా కరకుదనము లేనివారు. కందెన లేని ఇరుసు కిర్రుమనుచు ఎద్దునకును బాధయే, బండికిని బాధయే. కరకు మాటయు అట్టిదే. ఆ అనుశాసనములోనే ఆచార్యుడు ఇంకొక మాట అనును. మాలోని మంచి నడవడినే నీవు అనుసరింపుము, తక్కినవానిని వలదనును. అనగా గురువు తనయందు కూడ దోషములు ఉండవచ్చునని శిష్యుని ఎదుట ఒప్పుకొనుచున్నాడు!

ఈ మంత్రమును మేము బాల్యమునుండి వల్లించినాము. వందలమందికి చెప్పినాము. అయినను దానిని ఆచరింపవలసిన దినమున ఆచరింపలేకపోతిమి. ఆ సంగతి వినుడు.

ఇది జరిగి నలుబది సంవత్సరములు కావచ్చినది. మా పాఠశాలలో ఒక యువ అధ్యాపకుడు ఉండెడివాడు. స్వరము నిర్దుష్టము. పిల్లలకు అతడన్న ప్రాణము. అట్టివాడు తెల్లవారుజాము సంతకు ఆలస్యముగా వచ్చుట మొదలుపెట్టినాడు. ఒకమారు చెప్పితిమి, రెండుమారులు చెప్పితిమి. తల వంచుకొని నిలుచుండెను గాని మాటాడలేదు. ఆ మౌనము మాకు పొగరుగా తోచినది. ఒకనాడు విద్యార్థులందరి ఎదుట "నీవంటివానికి వేదము ఎందుకు?" అని అనరాని మాట అన్నాము. మరునాడు అతడు రాలేదు. తరువాత ఎన్నడును రాలేదు.

కొన్ని ఏండ్లకు ఒక వేదసభలో అతడు కనబడి మాకు నమస్కరించినాడు. అప్పుడు అడిగితిమి. ఆ దినములలో వాని తల్లి మంచమున పడియుండెనట. ఆమెకు స్నానము చేయించి, గంజి త్రాగించి, ప్రక్క ఊరినుండి నడచి వచ్చెడివాడట. "నాయనా, ఒక్క మాట చెప్పకపోతివా?" అంటిమి. "మీరు ఒంటిగా పిలిచి అడిగియున్నచో చెప్పియుందును స్వామీ. పిల్లల ఎదుట నోరు రాలేదు" అన్నాడు. మేము క్షమింపుమని అడిగితిమి. అతడు మా చేతులు పట్టుకొన్నాడు. కాని పాఠశాల పోగొట్టుకొన్న ఆ అధ్యాపకుడు తిరిగి రాలేదు. "ఎందుకు" అన్న ఒక్క ప్రశ్న మేము వేయలేదు. ఆ భారము ఈనాటికిని మాపై ఉన్నది.

ఇంత చేసినను వినకున్నచో ఏమి గతి అని మీరు అడుగుదురు. అడుగవలసినదే. శ్రీకృష్ణుడు స్వయముగా రాయబారము వెళ్ళి చెప్పినను దుర్యోధనుడు వినలేదు. లోకములో అట్టివారును ఉందురు. అప్పుడు పని చెడకుండ కాపాడుట అధికారి ధర్మము. ఆ పనిని వానినుండి తీసి మరియొకనికి అప్పగింపవచ్చును, నియమము ప్రకారము చర్య కూడ తీసికొనవచ్చును. మెత్తని మాట అనగా మెత్తని ధర్మము కాదు. కాని దుర్యోధనుడని నిర్ణయించుటకు ముందు, అతడు అర్జునుడేమో, సుగ్రీవుడేమో విచారించితిమా? ఆ విచారణ లేక వేసిన శిక్షకు మనమే బాధ్యులము.

కనుక నిన్న ప్రశ్న అడిగిన ఆ భక్తునకు మా మాట ఇది. రేపు కార్యాలయమునకు వెళ్ళినప్పుడు మెమో వ్రాయకుము. ఆ ఇద్దరిని విడివిడిగా, తలుపు దగ్గరగా వేసి కూర్చుండబెట్టుము. "నీకు ఏమి ఇబ్బంది?" అని అడిగి, వారు ముగించువరకు నోరు మెదపకుము. ఉన్న కష్టమును కష్టమని ఒప్పుకొనుము. జరిగిన తప్పును తప్పని స్పష్టముగా చెప్పుము. ఏ పని, ఏ దినమునకు కావలెనో చెప్పి, ఒప్పుకొను అవకాశము వారికే ఇమ్ము. కొన్నాళ్ళ తరువాత మరల విచారింపుము. పదిమంది ఎదుట కేకలు వేసితినని నీవే చెప్పితివి కదా, లక్ష్మణస్వామివలె ఆ మాటకు మొదట క్షమింపుమని అడుగుము. దానివలన నీ అధికారము తరుగదు.

సాయంకాలము జపమునకు కూర్చున్నప్పుడు వారి మొగములు మరల కనబడవచ్చును. కనబడనిమ్ము. వారి మేలు కోరి ఒక్క నమస్కారము స్వామికి అధికముగా చేయుము. శ్రీ సీతారామచంద్రస్వామివారి అనుగ్రహము మీ అందరికిని కలుగుగాక!

స్వస్తి.