వారపు పట్టికలు - వినవలసిన పాటలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సంగీతమును గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను విద్వాంసుడను కాను. పగలంతయు దస్త్రములతో గడిపి, సాయంకాలము పాటలు వినువాడను. కావున రాగతాళముల విచారణ పెద్దలకు విడిచి, వినువాని పక్షమున నాలుగు మాటలు మనవి చేసెదను.

నేడు ప్రతి శుక్రవారమును క్రొత్త ఆల్బములు వెలువడుచున్నవి. ప్రతి వారమును వానికి స్థానములు నిర్ణయించు పట్టికలు వెలువడుచున్నవి. మన పిల్లలు పెక్కుమంది ఈ పట్టికలను చూచియే ఏది వినవలయునో నిశ్చయించుకొనుచున్నారు. ఈ పట్టికలు మనకేమి చెప్పును, ఏమి చెప్పజాలవు అనునదియే నేటి విషయము.

మొదట ఆల్బము అను పేరు సంగతి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత గ్రామఫోను రికార్డులో ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. పెద్ద సంగీతరచనను వినవలెనన్న పలు రికార్డులు కావలసి వచ్చెడివి. వానిని ఫొటోల ఆల్బమువంటి అట్టపుస్తకములో అమర్చి అమ్మెడివారు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును తెచ్చినది. ఒక ప్రక్కనే ఇరువది నిమిషములకు పైగా పాట సాగినది. పుస్తకము పోయినను పేరు నిలిచినది. ఒకచోట కూర్చబడినది, వరుసగా వినదగినది అను భావము ఆ పేరులోనే ఉన్నది.

ఇక పట్టికల సంగతి. అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక 1956 నుండి ఆల్బముల పట్టికను వారము వారము ప్రకటించుచున్నది. మన దేశమున ఇట్టి పట్టికకు ప్రాణము పోసినది రేడియో. 1952లో బి. వి. కేస్కర్‌గారు కేంద్ర సమాచారశాఖ మంత్రిగా ఉన్న కాలమున ఆకాశవాణి సినిమా పాటలను చాలవరకు దూరముగా నుంచినది. అదే సంవత్సరము డిసెంబరు 3న సిలోను రేడియోలో అమీన్ సయానీగారి బినాకా గీత్‌మాలా ఆరంభమైనది. కొలదికాలమునకే అది పాటలకు మెట్లు కట్టి చెప్పు కార్యక్రమమైనది. ఆ మెట్టును 'పాయదాన్' అనెడివారు. రికార్డు దుకాణముల అమ్మకములను, శ్రోతల సంఘముల అభిప్రాయములను చూచి ఏ పాట ఏ మెట్టున నుండవలెనో నిర్ణయించెడివారు. బుధవారము రాత్రి వచ్చినదన్న ఇరుగు పొరుగువారు కూడ రేడియో ఉన్న ఇంటికి చేరెడివారని మన పెద్దలు చెప్పుదురు. సయానీగారు 2024 ఫిబ్రవరిలో కీర్తిశేషులైరి.

మన ప్రాంతమునకును ఈ చరిత్రలో చోటు కలదు. రాయపూర్ నుండి బిలాస్‌పూర్ పోవు రైలుదారిలోని భాటాపారా పేరు, కోరిన పాటల కార్యక్రమములలో ఝుమ్రీ తలైయా పేరుతోపాటు దేశమంతట వినబడెడిది. 1957లో వివిధభారతి వచ్చినది. 1963లో రాయపూర్‌లో ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1931లో విజయనగరము నుండి రాయపూర్ వరకు రైలుమార్గము పూర్తియైన పిదప ఉద్యోగములకై ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. అట్టి ప్రవాసాంధ్రులకు సిలోను నుండి మీనాక్షి పొన్నుదురైగారు తెలుగున పలుకరించి తెలుగు పాటలు వినిపించుట ఎంతటి ఊరటయో ఊహింపవచ్చును. ఆ దినములలో పాటను మధ్యలో దాటవేయు వీలు లేదు. పల్లవి వచ్చినది, చరణములును వచ్చినవి, అన్నియు విన్నారు.

నేటి పట్టిక కట్టు విధము వేరు. పూర్వము అమ్ముడుపోయిన రికార్డులను లెక్కించెడివారు. 2014 డిసెంబరులో బిల్‌బోర్డువారు అంతర్జాలములో వినుటను కూడ ఆల్బముల లెక్కలో చేర్చిరి. ఒక ఆల్బములోని పాటలను 1,500 మారులు విన్నచో ఒక ఆల్బము అమ్మినట్లే అని అప్పటి నియమము. ఆ 1,500 మారులును ఒకే పాటను విని, తక్కిన పాటలను ఒక్కమారైనను వినకున్నను లెక్క సరిపోవును! మరియు స్పాటిఫై వంటి సంస్థ 30 సెకండ్లు వినినచో ఆ పాటను విన్నట్లే గణించును. ముప్పది సెకండ్లలో మన పాట ఎంత దూరము పోవును? వాద్యములు మ్రోగి, పల్లవి ఎత్తుకొనుసరికే కాలము తీరిపోవును. చరణము ఇంకను గడప లోపలనే ఉండును.

సోదరులారా, మన కార్యాలయములలో ఒక దస్త్రము ఎన్ని బల్లలు తిరిగినదో డైరీ చూచిన తెలియును. ఆ దస్త్రములో ఏమి వ్రాసియున్నదో డైరీ చెప్పదు. పట్టికయు అంతే. ఎందరు విన్నారో చెప్పును. ఏమి విన్నారో, ఎంతవరకు విన్నారో చెప్పదు. అందుకని దానిని నిందింపరాదు. మన చెవికి సోకని క్రొత్త గాయకుని, క్రొత్త కవిని అది మన వాకిటికి తెచ్చుచున్నది. వాకిటికి వచ్చినవారిని లోనికి పిలుచుట మాత్రము మన పని.

ఇది మన రాయపూర్ తెలుగువారికి మరింత ముఖ్యము. ఏలయన, ఇచట మన పిల్లలు పెక్కుమంది బడిలో హిందీయును ఇంగ్లీషును చదువుచున్నారు. తెలుగు వారికి ఇంటి భాష. అదియు వంటయింటి మాటల వరకే. పుస్తకము చదువలేని పిల్లవానికి తెలుగు సాహిత్యము చేరు దారి పాట యొక్కటే. ఆ పాటలో పల్లవి పిలుచును; విషయము చరణములో ఉండును. ఊరి పేర్లు, పంటల పేర్లు, సామెతలు, నుడికారము అన్నియు అచటనే దాగియుండును. 2023లో ఆర్ఆర్ఆర్ చిత్రములోని పాటకు ఆస్కారు బహుమానము వచ్చినపుడు కీరవాణిగారి బాణికి లోకమంతయు చిందులు వేసినది. మన పిల్లలును వేసిరి. కాని చంద్రబోస్‌గారు ఆ చరణములలో పోలేరమ్మ జాతరను, జొన్నరొట్టెను తెచ్చి నిలిపిరని ఎందరు పిల్లలకు తెలియును? పోలేరమ్మ యెవరని అడిగిన పిల్లవానికి ఆ దినమున ఒక గ్రామము దొరకినది. అడుగనివానికి అడుగుల ఆట మాత్రము దొరకినది.

తుదివరకు విననిదే ఫలింపని ఆల్బములు మన భాషలో లేకపోలేదు. ఘంటసాలగారు 1974లో కీర్తిశేషులగుటకు కొలదికాలము ముందు పాడిన భగవద్గీతను తలచుడు. శ్లోకము వెంట తెలుగు తాత్పర్యము నడచును. ఒకదానిని విడిచిన రెండవది అంతగా బోధపడదు. అటులనే 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానమువారి ప్రోద్బలమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు రికార్డుల సంపుటము. ఆమె మాతృభాష తెలుగు కాదు. అయినను అన్నమాచార్యుల మాటను అంత శ్రద్ధతో పలికిరి. ఆమె అంత శ్రమపడి పాడిన దానిని తెలుగువారమైన మనము సగము విని విడుచుట న్యాయము కాదు.

కావున నాదొక చిన్న ప్రతిపాదన. ప్రతి మాసము చివరి ఆదివారము మన సంఘభవనములో ఆ మాసమున వెలువడిన తెలుగు ఆల్బము నొకదానిని మొదటినుండి తుదివరకు విందము. పట్టికలో మొదటిది కానక్కరలేదు, అట్టడుగుననున్నదైనను సరియే. సినిమా ఆల్బములో సాధారణముగా ఐదారు పాటలుండును, అరగంటలో ముగియును. ప్రతి పాటకు ముందు వ్రాసిన కవి పేరు, బాణీ కట్టినవారి పేరు, పాడినవారి పేరు చదువవలెను. పూర్వపు రికార్డు అట్టమీద ఆ పేర్లు కంటికెదురుగా నుండెడివి. నేడు ఫోనులో కవి పేరు వెదకి పట్టుకొనవలసి వచ్చుచున్నది. పాట ముగిసిన పిదప చరణములోని ఒక మాటను పిల్లలు అడుగవలెను, పెద్దలు చెప్పవలెను. పెద్దలకును తెలియనిచో నిఘంటువు చూతము. తుదకు ప్రతి పిల్లవాడును, ప్రతి పిల్లయు తమకు నచ్చిన చరణమును తెలుగు లిపిలో తమ నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. లిపి రానివారికి మన సోదరీమణులు ప్రక్కన కూర్చుండి వ్రాయింతురు గాక.

పది మాసములు ఇట్లు జరిగినచో పిల్లవాని పుస్తకములో పది తెలుగు చరణము లుండును. ఏ వారపు పట్టికయు వీనిని లెక్కింపదు. మన సంఘము లెక్కించినచో చాలును. రాబోవు వార్షికోత్సవమున ఆ పుస్తకములను ఈ వేదికమీద పరచి చూపుదము.