సొరచేప వయస్సు తెలియుట ఎట్లు?

కర్నూలు, కడప జిల్లాల సంతలలో గొఱ్ఱెను కొనువారు ముందుగా దాని నోరు తెరచి పండ్లు చూతురు. రెండు వేసినదా, నాలుగు వేసినదా, ఎనిమిదియు నిండినవా అని లెక్కించి వయస్సు చెప్పుదురు. ఈనుటకు ముందే ఆడపిల్లలనన్నిటిని కోతకు అమ్మినచో మంద నిలువదని మన కాపరులకు వేరుగా చెప్పనక్కరలేదు. సముద్రము మనకు దూరమైనను, సొరచేపల విషయమునను చిక్కు ఇదియే. ఏ వయస్సున పిల్లలను కనునో తెలియనిదే ఎన్నింటిని పట్టవచ్చునో నిర్ణయింపలేము.

అయితే సొరకు పండ్లు జీవితాంతము రాలుచు, క్రొత్తవి వచ్చుచుండును గనుక వానివలన వయస్సు తెలియదు. ఇతర మత్స్యములకు పొలుసులపైనను, చెవిలోని చిన్న రాళ్లలోను చెట్టు మ్రానులోవలె వలయము లేర్పడును. సొరకు అట్టి రాళ్లు లేవు. దాని పొలుసులును అట్లు పెరుగునవి కావు. దాని అస్థిపంజరమంతయు మన చెవిదొప్పవలె వంగు మృదులాస్థియే. వెన్నుపూసలు మాత్రము సున్నము పట్టి గట్టిపడుచు, ఏటేట వెలుపలికి పెరుగుచుండును. పూసను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, కడప బండల గనిలో పొరపై పొర కనబడినట్లు, లేత, ముదురు చారలు ఒకదాని వెంట ఒకటి కనబడును.

ఒక జత చారలు ఒక సంవత్సరమునకు గుర్తా? ఇది రుజువు కావలయును. అందులకై సొరను పట్టి, పొడవు కొలిచి, ఆక్సీటెట్రాసైక్లిన్ సూదిమందు వేసి, గుర్తుబిళ్ల తగిలించి విడుతురు. ఆ మందు సున్నముతో కలిసి పూసలో నిలిచిపోవును. అతినీలలోహిత కాంతిలో మెరయును. కొన్నేండ్లకు ఆ సొర మరల చిక్కినచో, మెరయు గీతకు వెలుపలి చారలను గడచిన ఏండ్లతో సరిచూతురు. పొడవులోని భేదము పెరుగుదల వేగమును తెలుపును. ఈ మందుల కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్‌ను కనుగొన్నవారు బెంజమిన్ డుగ్గర్. అది 1948లో వెలువడిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉండినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మరియొక సాక్ష్యము కూడ కలదు. 1950, 1960 దశకముల అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలోను, సముద్రములోను కార్బన్ 14 అధికమైనది. నాటి గుర్తు పూసల చారలలో నిలిచియున్నది. దీని సాయముతో పాకిస్తాను, తైవాను దేశములలో భద్రపరచిన తిమింగల సొరల పూసలను పరీక్షించి, వానిలో చారలు ఏడాదికొక జతగా ఏర్పడుచున్నవని 2020లో ప్రకటించిరి. పాకిస్తానులో లభించిన పది మీటర్ల ఆడ సొర సుమారు 50 ఏండ్లు బ్రదికినదని తేలినది.

కొన్ని జాతులలో మాత్రము ముదిమిలో చారలు స్పష్టముగా ఏర్పడవు. అప్పుడు లెక్క తక్కువగా వచ్చును. వయస్సును తక్కువగా లెక్కించినచో, చేప త్వరగా పెరుగుచున్నదని భ్రమించి, వేట ఎక్కువ చేయుదుము. పెక్కు సొరలు ఈడేరుటకు పది, పదిహేను ఏండ్లును పట్టును. వాని సంతానమును స్వల్పమే. ఒక వలలో ఒకనాడు పోయిన తల్లిసొరకు బదులు మరియొకటి తయారగుటకు అన్ని ఏండ్లు వేచియుండవలయును. మన దేశములో తిమింగల సొర వేటను 2001లో నిషేధించిరి. తక్కిన జాతుల వేటకు హద్దు నిర్ణయించుటకును ఈ చారల లెక్కయే ఆధారము.