చదువుటయా, అప్పజెప్పుటయా?
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



1874లోనే ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికలకు బడి పెట్టిన సీమ మనది. నేడు మన డెల్టాలో బడి లేని ఊరు అరుదు. బడికి పోయిన బిడ్డకు చదువు వచ్చుచున్నదా అనునదే ఇప్పటి ప్రశ్న.

మొదటి తరగతి పాఠమును గడగడ అప్పజెప్పు పిల్లలను మీరందరును చూచియుందురు. అట్టి పిల్లవాని పుస్తకములోని బొమ్మను అరచేత కప్పి, పాఠము నడుమ నొక మాటను వ్రేలితో చూపి చదువుమనుడు. కొందరు పాఠమును మరల మొదటినుండి అందుకొందురు. కొందరు మన ముఖము వంక చూతురు. వారికి పాఠము వచ్చినది గాని చదువు రాలేదు. తరగతులు గడచినకొలది ఆ లోపము లెక్కలకును ప్రాకును.

మాటను మొత్తముగా చూపి గుర్తుపట్టించుట పద పద్ధతి. అక్షరమును, దాని ధ్వనిని నేర్పి, కూర్చి పలికించుట రెండవ పద్ధతి. వెనుకటి వీధిబడులలో ఇసుకలో ఓనమాలు దిద్దించి, గుణింతములు వల్లె వేయించి, పిదప పెద్దబాలశిక్ష పట్టించెడివారు. అక్షరములు గట్టిపడెడివి, నిజమే. కాని 35 హల్లులు, 16 గుణింతములు అనుకొన్నను 560 రూపములగును, ఒత్తులు వేరు. ఇవన్నియు వచ్చిన పిదపనే మాట చూపుదుమనుట, ఈత యంతయు గట్టుపైన నేర్చి కాలువలో దిగుమనుటయే.

అమెరికాలో 1840 దశకమున హొరేస్ మన్ పద పద్ధతిని సమర్థించెను. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ దానిని ఖండించెను. 2000లో ఆ దేశపు జాతీయ పఠన మండలి, ధ్వనులను క్రమముగా నేర్పుటయే మేలని తేల్చినది. ఇంగ్లీషున ఒకే అక్షరము పలువిధముల పలుకును. తెలుగున ఆ చిక్కు స్వల్పము. ఇట్టి లిపి యుండగా మాటలను బొమ్మలవలె గుర్తుపెట్టించుట దండుగ.

క, ల, ప, వ, డ అను ఐదక్షరములు తీసికొనుడు. కల, వల, వడ, కడవ, పడవ, పలక, కలప అను మాటలన్నియు వీనిలోనే కలవు. గోదావరి బిడ్డ ఎరుగని మాట ఒకటియు లేదు. ఐదక్షరములు వచ్చిననాడే మాటలు చదివింపవచ్చును. గుడులు, కొమ్ములు పిదప ఒకటొకటిగా రావలెను. ఒత్తులకు తొందర వలదు. అమ్మ, అక్క, కొబ్బరి వంటి ఇంటి మాటలతో ఆరంభించిన చాలును.

పలక, కలప అను రెండు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపుడు. (ఒకప్పుడు గోదావరిపై తెప్పలుగా రాజమహేంద్రవరము చేరిన కలపయే యిది.) అక్షరములు మూడును అవియే, వరుస మాత్రము తారుమారు. రూపము చూచి ఊహించువాడు ఇచట తడబడును. ధ్వని తెలిసినవాడు కూడబలుకుకొని సరిగా చదువును. కూడబలుకుకొనుచున్నాడని వానిని కసరరాదు. చదువు అప్పుడే పుట్టుచున్నది.

2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘమున స్థానిక సంస్థల ప్రతినిధులకు చోటిచ్చినది. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థము చేసికొని చదువవలెనని, 2021 జూలై 5న ఆరంభమైన నిపుణ్ భారత్ 2026-27ను గడువుగా పెట్టినది. బడికి పోయినపుడు హాజరుపట్టీతో సరిపుచ్చక, పాఠములో లేని మాట నొకదానిని వ్రాసి చదివింపుడు. ఉపాధ్యాయుని తప్పుపట్టుటకు గాదు. ఏ బిడ్డ ఏ అక్షరమువద్ద ఆగెనో ఆయనతో కలిసి తెలిసికొనుటకు.

మరియొకటి. 1960 గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున చేర్చినచో, పెద్ద అచ్చున చిన్న మాటలతో నుండు పిల్లల పుస్తకములు మా ఊరికిని పంపుడని అడుగుటకు మీకు నోరుండును.