పిల్లల వేషములు – ఇంటి కుట్టు



మన పుత్తూరు ప్రాంతపు పిల్లలకు వేషమనునది క్రొత్త సంగతి కాదు. ఈ సీమలోని ధర్మరాజస్వామి గుళ్లయందు భారతోత్సవములు జరుగునపుడు పగలు హరికథయు, రాత్రి వీధినాటకమును నడచును. అర్జునుడు తపసుమాను నెక్కుట చూచిన బాలుడు మరునాడు వేపకొమ్మను విల్లుగా వంచుకొని వీధిలో తిరుగుచుండును. ఇట్టి సీమలో బిడ్డను పాఠశాల నాటకమునకు పంపుట కొందరు తల్లిదండ్రులకు భారమగుచున్నది. కారణము అద్దెవేషము.

నేనెరిగిన ఒకానొక పాఠశాలలో అభిమన్యుని పాత్రను పొల్లుపోక వల్లించిన బాలుడొకడు, జరీ అంగీకి అద్దె చెల్లింపలేక, తెరలాగు పనికి మార్చబడెను. పద్యము సరిగా రాని వేరొకడు మెరయు కిరీటముతో రంగమెక్కెను. పాత్ర విద్యను బట్టి రావలెను గాని తండ్రి చేతి పైకమును బట్టి రాకూడదు. ఇందుకు మందు మన ఇండ్లలోనే యున్నది: ఒక పాత నూలుచీర, సూది, దారము, కత్తెర.

వేషమునకు వెల ముఖ్యము కాదనుటకు తిరుపతి గంగమ్మ జాతరయే సాక్ష్యము. అచ్చట బైరాగి వేషమునకు ఒంటికి తెల్లసుద్ద, బండ వేషమునకు కుంకుమ, తోటి వేషమునకు బొగ్గుపొడి, దొర వేషమునకు గంధము పూసికొందురు. రంగు చూచినంతనే జనులు వేషమును గుర్తింతురు. అట్లే కృష్ణునకు నెమలిపింఛము, రామునకు విల్లు, భీమునకు గద. ఒక్క గురుతు సరిగా నున్నచో తక్కినది సాదా గుడ్డయైనను చాలును.

ఇక కుట్టువిధము. అంగీకి భుజము మొదలు మోకాలి వరకు కొలచి, అందుకు రెట్టింపు నిడివియు, అంచుమడతలకు 4 అంగుళములును తీసికొనవలెను. వెడల్పు ఛాతీ చుట్టుకొలతలో సగమునకు 6 అంగుళములు కలిపినంత. భుజము నుండి మోకాలికి 26, ఛాతీకి 24 అంగుళములున్న బాలునకు 56 అంగుళముల నిడివి, 18 అంగుళముల వెడల్పు గల ముక్క కావలెను. దానిని నిడివిన సగమునకు మడిచినచో మడతయే భుజమగును. మడత నడుమ మెడకు చిన్న రంధ్రమును, ముందువైపు 4 అంగుళముల చీలికను కోయవలెను. తల దూరకున్న పిమ్మట పెంచవచ్చును. ముందే పెద్దగా కోసినచో మరల చిన్నది చేయుట కష్టము. ప్రక్కలయందు పైన 7 అంగుళములు చేతులకును, క్రింద 6 అంగుళములు నడకకును విడిచి, నడిమి భాగమును గుడ్డ తిరగవేసి కుట్టవలెను.

ఈ అంగీయే నడుముపట్టీ, ఉత్తరీయము చేర్చిన రాజకుమారునిది. కావిరంగులో ముంచిన మునిబాలునిది. పైకెగగట్టి తలపాగ చుట్టిన రైతుది.

కిరీటమునకు తలచుట్టుకొలత కంటె 2 అంగుళములు ఎక్కువగా అట్టను కత్తిరించి, రంగుకాగితము నంటించి, లోపలి అంచున మెత్తని గుడ్డ కుట్టవలెను. అప్పుడు నుదురు ఒరసికొనదు.

కొన్ని హెచ్చరికలు. నైలాను గుడ్డ నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొనును. నూలుగుడ్డయు మండును గనుక దీపము, కర్పూరహారతి చెంత వ్రేలాడు ఉత్తరీయము కూడదు. ముఖమంతయు కప్పు ముసుగు చూపును అడ్డగించును; ముఖమునకు కొంచెము రంగు చాలును. గుండుసూదులు గ్రుచ్చి విడువక టాకాలు వేయవలెను.

నగరి, పుత్తూరు, నారాయణవనము మగ్గములకు పేరుపడిన ఊళ్లు. ఇచ్చట గుడ్డపీలికలకు కొదువ యుండరాదు. పెద్దలు పూనుకొని ఊరి పాఠశాలలో ఒక పెట్టె పెట్టించి, పాతచీరలు, అంచుముక్కలు అందు చేర్పింపుడు. బాలురకును బాలికలకును సూది పట్ట నేర్పింపుడు. రాబోవు నాటకమునందు పద్యము వచ్చిన బిడ్డయే, ఎవరి బిడ్డయైనను, రంగమెక్కుగాక.

సెలవు.