బేలా, బెయిలా?

ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో పొద్దుట్నుంచీ వినపడే మాట బేల్. ఎన్ని బేళ్లు తెచ్చావు? ఎన్ని వెనక్కి పోయాయి? అదే కోర్టు ఆవరణలో అయితే బెయిల్. వచ్చిందా, రాలేదా?

తెలుగులో రాస్తే రెండూ వేరు. ఇంగ్లీషు వాళ్ల నోట మాత్రం రెండూ ఒకటే. తేడా అంతా స్పెల్లింగులోనే.

బేల్ అంటే గట్టిగా అదిమి కట్టిన పెద్ద కట్ట. పొగాకు రైతులు చెక్కు అని కూడా అంటారు. స్పెల్లింగు బి, ఏ, ఎల్, ఈ. జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిని ప్రెస్సు చేసి కట్టేదీ బేలే. మన దేశంలో దాని లెక్క 170 కిలోలు. గుంటూరు యార్డులో మిర్చిని మాత్రం బేల్ అనరు. అది టిక్కీ!

ఇక బెయిల్. బి, ఏ, ఐ, ఎల్. పిలిచినప్పుడు వస్తానన్న షరతు మీద, కేసు నడుస్తుండగానే మనిషిని విడిచిపెట్టడం. చాలామంది పొరబడేది ఇక్కడే. బెయిల్ వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు. కేసు కేసే. పూచీ పడే మనిషి జామీనుదారు. అరెస్టుకు ముందే తెచ్చుకుంటే ముందస్తు బెయిల్.

మళ్లీ చెబుతాను. చివర ఈ ఉంటే కట్ట. మధ్యలో ఐ ఉంటే విడుదల.

మరి క్రికెట్ వికెట్ల మీద పెట్టే బెయిల్స్ సంగతేంటని పిల్లలు అడుగుతారు. వాటికీ మధ్యలో ఐ ఉంటుంది. కోర్టుతో మాత్రం ఏ సంబంధమూ లేదు. అప్పుల్లో మునిగిన కంపెనీని ప్రభుత్వం గట్టెక్కిస్తే పేపర్లు రాసే బెయిలవుట్‌కీ అదే ఐ.