తుపాకి పట్టువానికి పరీక్ష యుండవలెనా?

(క్యాసంబళ్ళిలో జరిగిన సభ్యుల సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



నేటి సభలో తెలుగు బడులనుగూర్చియో, గ్రంథాలయమునుగూర్చియో మాటలాడుదుమని మీరు తలంచి యుందురు. ఆ విషయములు ప్రతి సభయందును వచ్చుచునే యున్నవి. ఈసారి అడవిపందినిగూర్చి మాటలాడవలసినదని మన సభ్యులలో పలువురు మమ్ము కోరిరి. నవ్వకుడు. రాగి కంకి పాలుపోసికొనినది మొదలు పంట కళ్ళము చేరువఱకు రాత్రులు మంచెమీద గడపువారికి ఇది నవ్వులాట కాదు. వేరుసెనగ చేనిలో పందులమంద యొక్క రాత్రి దిగినచో, తెల్లవాఱుసరికి అది దుక్కి దున్నిన నేలవలె నుండును. విత్తనమప్పు మాత్రము ఎప్పటియట్లే మిగిలియుండును.

ఇందుపై మన ఊళ్ళలో రెండు మాటలు వినబడుచున్నవి. “రైతు చేతికి తుపాకి యిండు, తన చేనిని తాను కాచుకొనును” అనునది యొకటి. “అట్లుగాదు, పరీక్ష నిచ్చి యోగ్యతాపత్రము పొందినవాడే జంతువుపై తుపాకి యెత్తవలెను” అనునది రెండవది. మేము రెండవ పక్షమువారము. అయితే ఆ పరీక్ష ఏమి పరీక్షింపవలెనో, ఎవరి భాషలో జరుగవలెనో చెప్పక యూరకున్నచో, మొదటి పక్షమువారి మాటయే మేలనిపించును.

ముందుగా చట్టమెట్లున్నదో చూతము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున తొలుత వేటకు లైసెన్సు లుండెడివి. పెద్ద జంతువులకొకటి, చిన్న జంతువులకొకటి, వల పన్నుటకు మఱియొకటి. 1991 నాటి సవరణతో ఆ లైసెన్సులన్నియు పోయినవి. వినోదపు వేట మన దేశమున ముగిసినది, ముగియుటయే మంచిదైనది. మిగిలినది 11వ సెక్షను. కొన్ని జంతువులు మనుష్యుల ప్రాణమునకుగాని, పైరుతో గూడ ఆస్తికిగాని ప్రమాదకరమైనపుడు, వన్యప్రాణి శాఖ ముఖ్యాధికారి లేక ఆయనచే నధికారము పొందినవారు, కారణములు వ్రాతమూలమున తెలిపి, వాటిని చంపుటకు “ఏ వ్యక్తికైనను” అనుమతి నీయవచ్చును. ఏ వ్యక్తికైనను! ఈ మాట మమ్ము చాలదినములు వేధించినది. జంతువు చేసిన నేరమునకు కారణములు వ్రాయవలెను. చంపబోవు మనుష్యుని యోగ్యతనుగూర్చి ఆ సెక్షనులో నొక్క పలుకైన లేదు.

ఆయుధముల చట్టమున కొంత కలదు. 1959 నాటి ఆ చట్టము పంటకాపుకొఱకు ముందునుండి మందు దట్టించెడి తుపాకికి లైసెన్సు ఇచ్చుటను ప్రత్యేకముగ పేర్కొన్నది. 2016 నాటి నియమములు లైసెన్సు కోరువారికి తుపాకి భద్రతలో శిక్షణను విధించినవి. తుపాకిని ఎట్లు దాచవలెను, ఎట్లు మోయవలెను, ఎట్లు పేల్చవలెను అను విషయము లందున్నవి. మంచిదే. కాని యది తుపాకినిగూర్చిన చదువు, జంతువునుగూర్చినది కాదు.

ఇచట మా యింటి మాట యొకటి చెప్పక తప్పదు. మా బాల్యమున మా పెద్దనాయనగారికి పంటకాపు తుపాకి యొకటి యుండెను. చుట్టుప్రక్కల నాయనవంటి గురికాడు లేడని చెప్పుకొనెడివారు. ఎగిరెడి కౌజును కొట్టగలవాడు. కార్తికమాసమున నొక రాత్రి, సెనగ పెఱుకుటకు రెండు దినములున్నదనగా, చేని గట్టున కంపచెట్లలో అలికిడి యైనది. అంతకుముందు రాత్రి పందులు వచ్చిన దారియు నదియే. పెద్దనాయనగారు మంచెమీదనుండియే పేల్చినారు. అచట నున్నది పంది కాదు. తప్పిపోయిన దూడను వెదకుకొనుచు వచ్చిన పొరుగింటి బాలుడు. గుండ్లు తొడలో దిగినవి. ఎద్దులబండిలో పడుకొనబెట్టి ఆస్పత్రికి తీసికొనిపోయిరి. ప్రాణము దక్కినది, కాలు మాత్రము మునుపటివలె కాలేదు. మా పెద్దనాయనగారు ఆ తుపాకిని మరల ముట్టలేదు. ఏటేట రాగులు కళ్ళమునుండి మా యింటికి రాకముందే ఆ బాలుని యింటికి రెండు మూటలు పోయెడివి. ఆ మూటలనుగూర్చి ఇరు కుటుంబములలో నెవ్వరును మాటలాడెడివారు కారు.

ఆయన గురి తప్పలేదు. తప్పియుండినచో నా బాలుడు నిక్షేపముగ నడచియుండును. ఆయనకు లోపించినది గురి కాదు. కనబడనిదానిపై కాల్చరాదను నిగ్రహము. నేటి మాటలలో చెప్పవలెనన్న, గురి పరీక్ష యేది పెట్టినను ఆయన మొదటి తరగతిలో గెలుపొందెడివారే.

మన పురాణములలో దశరథుని కథయు నిదియే గదా! శబ్దవేధియైన రాజునకు విలువిద్యలో నేమి కొఱత? నీటిలో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకొనెను. ఆ కథను మనము పుత్రశోకముగా, శాపముగా చెప్పుకొందుము. వేటగాని దృష్టితో చూచినచో, లక్ష్యమును కంటితో నిర్ధారించుకొనక బాణము విడుచుట యను తప్పిదమే యది.

కనుక పరీక్ష యుండవలెననుచున్నాము. గురికన్న నిగ్రహమును పరీక్షించునది యుండవలెను. మునిమాపువేళ పొదలచాటున పది ఆకారములను చూపుడు. కొన్ని పందులు, కొన్ని దూడలు, ఒకటి కంబళి కప్పుకొన్న మనిషి, ఒకటి కృష్ణజింక. మన గనులప్రాంతపు బయళ్ళలో కృష్ణజింకలు గలవని మీరెఱుగుదురు. దానిని కొట్టినవానికి చట్టములో క్షమ లేదు. ఎన్నింటిని కొట్టెనని గాక, ఎన్నింటిని కొట్టక విడిచెనని లెక్కించి మార్కులు వేయవలెను. పిల్లలతో తిరుగు ఆడుపందిని గుర్తింపగలడా? తల్లి చచ్చినచో పిల్లలు ఆకలితో చచ్చునని యెఱుగునా? గుండు జంతువును తప్పినచో ఎక్కడికి పోవునో, దానివెనుక ఎవరి యిల్లున్నదో ముందుగా చూచుకొనునా?

ఇది మనకు క్రొత్త విషయమని యెవరును అనరాదు. ఇంత దగ్గఱలోనే కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడువఱకు నూఱేండ్లకు మించి నడచినవి. మన కుటుంబములలో గనిలో దిగనివారెందఱు? గనిలో రాతికి మందు పెట్టి పేల్చుట బలముగలవాని పని కాదు, ధైర్యముగలవాని పనియు కాదు. బ్లాస్టరు సర్టిఫికేటు గలవాని పని. మేటుకు సర్టిఫికేటు, ఫోరుమానుకు సర్టిఫికేటు, మనుష్యులను లోపలికి దింపి పైకి చేదెడి యంత్రమును నడపువానికి సర్టిఫికేటు. 1961 నాటి లోహపు గనుల నిబంధనలు వీని నన్నిటిని వివరించినవి. బ్లాస్టరు నేర్చుకొనెడిది మందు పేల్చుటకన్న, పేల్చుటకు ముందును వెనుకను చేయవలసిన పనినే యెక్కువగ. ఆ చోటికి వచ్చు దారులన్నిటను కాపలా పెట్టవలెను. పేలిన చప్పుళ్ళు లెక్కింపవలెను. పేలక మిగిలిన మందున్నదేమో యను అనుమానమున్నచో, గడువు తీఱువఱకు నెవ్వరిని దగ్గఱకు పోనీయరాదు. గాయపడి పొదలలో దూఱిన పంది పేలక మిగిలిన మందువంటిదే. తెల్లవాఱి కట్టెలకు పోయిన ఆడుబిడ్డమీద నది పడును. దాని జాడ పట్టి బాధ తీర్చి వచ్చువఱకు వేటగాని పని ముగియదు.

భూమిలోపల మూడువేల మీటర్లకు మించిన లోతున పనిచేసిన మన పెద్దలు ఈ క్రమమును పాటింపగలిగినపుడు, చేని గట్టుమీద పాటింపలేరా?

జర్మనీలో వేటలైసెన్సు కోరువాడు వ్రాతపరీక్ష, నోటిపరీక్ష, తుపాకిపరీక్ష మూడును గెలువవలెను. జంతువుల జాతులు, అడవి, చట్టము, మాంసశుద్ధి అన్నియు పాఠములే. అక్కడివారు దానికి పచ్చ మెట్రిక్యులేషనని అర్థము వచ్చు ముద్దుపేరు పెట్టికొన్నారట. బ్రిటనులో నట్టి పరీక్ష చట్టముచే విధింపబడలేదు. పోలీసు లిచ్చెడి తుపాకి సర్టిఫికేటు చాలును, శిక్షణ ఎవరి యిష్టము వారిది. ఆ రెండు దేశములలోను వేట వినోదముగా గూడ సాగుచున్నది. మనది కేవలము పంటబాధ. అందుచే వారి పుస్తకమును యథాతథముగ దెచ్చుకొన నక్కఱలేదు.

ఇక ఎదురుపక్షమువారి మాట. వారి మాటలో సత్యము లేకపోలేదు. “కాగితము వచ్చినచో ఎవరికి వచ్చును? పట్టణమున క్లబ్బులలో గురి చూచెడి దొరలకు వచ్చును. అడవిని అరచేతివలె నెఱిగిన బోయవానికి, ఇరుళవానికి రాదు” అని వారందురు. నిజమే. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సను 1954లో అచ్చువేసిన తొలి పుస్తకములో మన పొరుగున నాటి చిత్తూరు జిల్లా చామలలోయ పులినిగూర్చి వ్రాసినాడు. అదే పుస్తకములో బైర యను పూజారిజాతి మనుష్యుని కథయు నున్నది. దొంగచాటుగ వేటాడి పొట్టపోసికొనెడి వాడతడు. లైసెన్సుగల దొరకు అడవిని చదువుట నేర్పినవారిలో నా లైసెన్సులేనివా డొకడు. పెరియపురాణమున తిన్ననికి విలువిద్య నేర్పించిన ఘట్టమును మన తమిళ సోదరులు నేటికిని ఉత్సాహముతో చెప్పుదురు. బోయపల్లెలో గూడ విద్యకు గురువును, వేళయు, క్రమమును ఉండెడివన్నమాట. కాగితము లేకున్నను యోగ్యత లేదనరాదు.

కాని దానికి విరుగుడు పరీక్షను తీసివేయుట కాదు, బైరవంటివాడు గెలువగల పరీక్షను పెట్టుట. నోటితో ప్రశ్నింపుడు. పొలములో నడిపించి చూడుడు. అడుగుజాడ చూపి, ఇది నిన్నటిదా, నేటిదా, ఎంత బరువుగల జంతువని అడుగుడు. ఆ ప్రశ్నలకు క్లబ్బు దొర తలగోకికొనును.

తుపాకి దొరకనిచోట ఏమగుచున్నదో గూడ చూడుడు. ఉరులు, దొంగకరెంటు తీగలు, పిండిలో చుట్టిన నాటుబాంబులు. వీనికి పరీక్షయు లేదు, లైసెన్సును లేదు, కన్నును లేదు. 2020 మే నెలలో కేరళ పాలక్కాడు జిల్లాలో గర్భిణియైన యేనుగు నోట పేలినది అట్టి మందే. మనకు ఏనుగులు దూరము కావు. పలమనేరు, కుప్పము అడవులను కలుపుకొని 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యము సరిహద్దుకు ఆవలనే యున్నది. కామసముద్రము వైపున ఏనుగుల రాకపోకలు మీకు తెలిసినవే. పందికని వేసిన తీగ ఏనుగును చంపును, ఆవును చంపును, తీగ వేసినవాని కొడుకును చంపును.

యోగ్యత గలవారి విషయమున గూడ జాగ్రత్త వలయును. 2018 నవంబరు 2న మహారాష్ట్రములోని యవత్మాళు జిల్లాలో, పదుమువ్వురి మరణమునకు కారణమని చెప్పబడిన ఆడుపులిని హైదరాబాదునుండి వచ్చిన వేటకుటుంబమువా రొకరు రాత్రివేళ కాల్చిరి. పిమ్మట, కాల్చిన వ్యక్తికి ఆ యధికారమున్నదా, మత్తుసూది వేయుటకు పశువైద్యుడు దగ్గఱ నున్నాడా యను వాదము లేచినది. జాతీయ పులుల సంరక్షణాధికార సంస్థ నియమించిన విచారణసంఘము నిబంధనలు పాటింపబడలేదని తేల్చినది. పేరుమోసిన వేటకుటుంబము విషయముననే యింత వివాదము వచ్చినపుడు, మన హోబళిలో పేరులేని రైతు చేతికి “ఏ వ్యక్తికైనను” అను కాగితమిచ్చి పంపుట వానికే యపాయము. తప్పు జరిగినచో జైలుకు పోవునది వాడే.

ఇప్పుడు మన సంఘమునకు సంబంధించిన మాట. పరీక్ష వచ్చినను, శిక్షణ వచ్చినను, ఆ పాఠము ఏ భాషలో వచ్చును? కన్నడము మన రాష్ట్రభాష. దానిని నేర్చితిమి, మన పిల్లలు మనకన్న బాగుగ నేర్చుచున్నారు. ఆ విషయమున తగవు లేదు. కాని మంచెమీద కూర్చుండు అఱువదేండ్ల రైతు ఇంటిలోను పొలములోను మాటలాడునది తెలుగు. “కాల్చవద్దు” అను మాట వానికి ఒక్క క్షణమున అర్థము కావలెను. మనసులో తర్జుమా చేసికొనునంత వ్యవధి తుపాకి యీయదు. ఏ బాధనైనను రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నవించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము మనకిచ్చినది. మైసూరు రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రియైన చెంగలరాయరెడ్డిగారి యింటిపేరుగా నిలిచిన ఈ యూరిలో కూర్చుండి, అర్జీ వ్రాయుటకు మనము జంకనేల?

అర్జీ చిత్తు బల్లమీద నున్నది. అందు కోరినవి మూడే. పంటకాపుకు తుపాకి యెత్తువారికి ఉచితముగ నోటిపరీక్షయు పొలముపరీక్షయు పెట్టవలెను. అది కన్నడమునను తెలుగునను జరుగవలెను. హోబళికి ఇద్దఱు ముగ్గురు యోగ్యుల పేర్లు ముందే నమోదై, అనుమతి వచ్చిన రాత్రియే పిలువదగియుండవలెను. ఎన్నికలు వచ్చినపుడెల్ల తుపాకులు ఠాణాలో అప్పగింపవలసి వచ్చుట, ఆ దినములలోనే పైరు పండుట యను చిక్కును గూడ ఒక వాక్యములో చేర్చితిమి. అధికముగ తోచినచో కొట్టివేయవచ్చును.

సభలో బ్లాస్టరు సర్టిఫికేటు పొందిన పెద్దలు కొందఱున్నారు. వారు దయచేసి కాఫీ అయిన పిమ్మట వెళ్ళిపోక కొంచెముసేపు ఉండవలెనని కోరుచున్నాము. వారి నాటి పరీక్షలో ఏమేమి అడిగిరో, ఎవరు అడిగిరో వారి నోటనే విని వ్రాసికొని అర్జీకి జతపఱుపదలచితిమి. కాగితము, కలము తెచ్చితిమి.