నమ్మి యప్పగించిన సొత్తు
(పట్టణ పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



ఈ మందిరమునుండి పుస్తకము గొనిపోవువారు రిజిస్టరులో పేరు వ్రాయుదురు. అంగడివాడు మన కొనుబడిని పద్దులో నెక్కించును. వైద్యునితో మన రోగము చెప్పుకొందుము. వీనిలో దేనియందును దోషము లేదు. కాని యీ మూడు పుస్తకములును ఒక్క షావుకారు చేతబడి, మన పేరుక్రింద వరుసగా కూర్పబడినచో నేమగును? మనము చదువునదియు, కొనునదియు, భయపడునదియు అతనికి కరతలామలకమగును. విడివిడిగా నున్నప్పుడు లేని శక్తి కలిపినప్పుడు పుట్టును. నేడు మన చేతిఫోనులలో జరుగుచున్నది ఇదియే.

2014వ సంవత్సరమున ఫేస్‌బుక్ కంపెనీ వాట్సాప్‌ను కొనెను. ఈ రెండు సేవల ఖాతాలను యంత్రముచే నమ్మదగినట్లు జతపరచుట సాధ్యము కాదని అప్పుడు ఐరోపా కమిషనుకు విన్నవించెను. 2016 ఆగస్టులోనే ఆ జతపరచుటకు దారి తెరచుచు షరతులు మార్చబడెను. 2014లోనే అది సాధ్యమని కంపెనీవారెరుగుదురని తేల్చి, కమిషను 2017 మే నెలలో 11 కోట్ల యూరోల జుల్మానా విధించెను.

2021 జనవరిలో మన వంతు వచ్చెను. క్రొత్త షరతుల కొప్పుకొనుడు, లేనిచో సేవ విడిచిపొండని కబురు వచ్చెను. ఐరోపావాసులకు మాత్రము వేరు షరతులు! అచట 2018 నుండి అమలులోనున్న గట్టి చట్టము ప్రజలకు అండగా నుండెను. మనకట్టి చట్టము లేకుండెను. ఈ పక్షపాతమును మన ప్రభుత్వమే లేఖామూలముగా నాక్షేపించెను.

మన యుత్తరములను కంపెనీవారు చదువుచున్నారని మేమనుటలేదు. 2016 నుండి అవి ముద్రవేసిన కవరులవలె పోవుచున్నవి. కాని ఏ నంబరు, ఏ ఫోను, ఏ ప్రాంతము, ఏ వేళల వాడుక యను కవరుమీది వ్రాత యుండనేయున్నది. దానిని మరియొక సేవలోని మన యిష్టానిష్టములతో కలిపినచో, లోపలి యుత్తరము విప్పనక్కరయే యుండదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఇరువురును ఒకే విషయమును ఒకే యర్థమున నంగీకరించిననే సమ్మతి యనబడును. చెల్లెలి క్షేమము తెలిసికొనుటకై నంబరిచ్చిన గృహిణి, ప్రకటనల వ్యాపారమునకు సమ్మతించినట్లగునా? నమ్మి యప్పగించిన సొత్తును స్వేచ్ఛగా వాడుకొని లాభమొందువాడు దండనార్హుడనియు, లాభముతోగూడ దానిని తిరిగి యీయవలెననియు యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ధర్మము మనకు క్రొత్తది కాదు. సొత్తు రూపము మాత్రమే క్రొత్తది.

సేవ యుచితముగదా యని కొందరందురు. తూనికయు ధరయు చూపని యంగడిలో సరకు చౌకయని యెట్లు చెప్పగలము?

2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు, వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషను, మెటా యని పేరు మార్చుకొనిన ఆ కంపెనీకి 213.14 కోట్ల రూపాయల జుల్మానా విధించి, ప్రకటనలకై యీ వివరములను అయిదేండ్లు పంచుకొనరాదని శాసించెను. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునలు జుల్మానాను స్థిరపరచి, అయిదేండ్ల నిషేధమును కొట్టివేసెను. జుల్మానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోవును. ఆ గృహిణికి దక్కిన దేమి?

ఆమెకు దక్కవలసినది 2023 నాటి చట్టములో కలదు. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికే, తెలిసి యిచ్చినదై యుండవలెను. ఇచ్చినంత సులభముగా దానిని మరలించుకొనవచ్చును. సమ్మతి కోరు ప్రకటనను తెలుగులో చదువుకొను హక్కును చట్టమే యిచ్చుచున్నది. నియమములు 2025 నవంబరులో వెలువడెను. ముఖ్యమైన నిబంధనల అమలునకు పదునెనిమిది నెలల గడువీయబడెను.

ఆ గడువు కంపెనీలకే కాదు, మనకును గడువే. చదువక యొప్పుకొను నలవాటు మనలోనుండగా ఏ చట్టమును మనలను కాపాడజాలదు. కావున ఈ మందిరమున వారమున కొక సాయంకాలము కూడుకొని, మనము వాడు సేవల షరతులను తెలుగులో బిగ్గరగా చదువుకొందము. చదువనేరని పొరుగువారిని వెంటబెట్టుకొని రండు. అర్థముకాని షరతు నెదుట వ్రేలు నిలుపుడు. ఈ సేవాకార్యమునకు మొదటి సాయంకాలము మేమే వచ్చి కూర్చుండెదము.